రాత్రి రెండు గంటలు నిజంగా తీరిక వేళేనా: బ్యాచ్ జాబ్‌ల రద్దీని బొమ్మలో చదవడం

సర్వర్ మీద కొత్త బ్యాచ్ జాబ్ (ఎవరూ దగ్గర లేకుండానే చెప్పిన వేళకు దానంతట అదే నడిచే పని) ఒకటి పెట్టాల్సి వచ్చినప్పుడు మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ వేళకు పెడితే ఎవరికీ అడ్డు రాదు? చాలామంది చెప్పే జవాబు కూడా ఒకటే, రాత్రి రెండు గంటలకు. ఇదే జవాబును అంతకుముందు ఇంకా చాలామంది చెప్పి, ఆ ప్రకారమే తమ జాబ్‌లను పెట్టి వెళ్లిపోయి ఉంటారన్నదే ఇందులోని చిక్కు. వాడేవాళ్లు నిద్రపోయే వేళకు యంత్రం కూడా నిద్రపోతుందనే ఊహతో ఒకరి తర్వాత ఒకరు తమ పనిని అక్కడే పోగేస్తూ పోతే, కొన్నేళ్లకు ఆ సర్వర్‌కు రోజు మొత్తంలో ఊపిరాడని గంట అదే అవుతుంది. పగలంతా నిదానంగా నడిచే డేటాబేస్ రాత్రి రెండున్నరకు ఎందుకు మొరాయిస్తోందో ఎవరికీ అంతుపట్టదు, ఎందుకంటే ఆ వేళకు మెలకువగా ఉండి చూసేవారు ఎవరూ ఉండరు.

జాబ్‌లను వాటి వేళకు మొదలుపెట్టే ప్రోగ్రామైన షెడ్యూలర్ తెరిస్తే కనిపించే పట్టిక ఈ విషయంలో పెద్దగా సాయపడదు. ఏ జాబ్ ఎప్పుడు మొదలవ్వాలో అది చెబుతుంది. ఎంతసేపు నడుస్తుందో, ఎప్పుడు ముగుస్తుందో చెప్పదు. రైళ్లు బయల్దేరే వేళలు మాత్రమే ఉండి, చేరే వేళలు లేని టైంటేబుల్‌తో ఏ ప్లాట్‌ఫారం ఎప్పుడు ఖాళీ అవుతుందో తేల్చలేనట్టే, మొదలయ్యే వేళల పట్టికతో యంత్రం ఎప్పుడు తీరికగా ఉంటుందో తేల్చలేం. అందుకు కావాల్సింది జరిగిపోయిన పని తాలూకు చరిత్ర: ప్రతి జాబ్ నిజంగా మొదలైన క్షణం, నిజంగా ముగిసిన క్షణం. దాదాపు ప్రతి షెడ్యూలర్ దీన్ని ఎక్కడో ఒకచోట రాసి పెడుతూనే ఉంటుంది. వేల వరుసలుగా పడి ఉండే ఆ చరిత్రను కంటితో చదవడం కుదరదు కాబట్టి దాన్ని బొమ్మగా మార్చుకోవాలి. అయితే ఏ బొమ్మ గీస్తే ఏ సంగతి కనిపిస్తుంది, ఏ సంగతి మరుగున పడుతుంది అన్నది తెలియకుండా గీస్తే బొమ్మ కూడా పట్టికలాగే తప్పుదారి పట్టిస్తుంది.

రద్దీ ఎక్కడ పోగవుతుందో కొంతవరకు ముందే ఊహించవచ్చు. 1979లో వచ్చిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏడవ ఎడిషన్ నాటికే ఉన్న క్రాన్ అనే షెడ్యూలర్, ఇప్పటికీ నిమిషం, గంట, తేదీ, నెల, వారం అనే ఐదు గడులతోనే పనిచేస్తుంది. ఆ ఐదింటిలో మొదటిది నిమిషం. అక్కడ మనిషి చేయి సహజంగా రాసేది సున్నా. రోజుకోసారి అనే అర్థంలో వాడే ‘డైలీ’ అనే సంక్షిప్త రూపం సరిగ్గా అర్ధరాత్రి సున్నా నిమిషానికే విప్పుకుంటుంది. దీనికి భిన్నంగా ఆలోచించిన సందర్భాలూ ఉన్నాయి. డెబియన్ లినక్స్‌లో గంటకోసారి నడిచే పనులు ప్రతి గంటా 17వ నిమిషానికి, రోజువారీ పనులు ఉదయం 6:25కి, వారానికోసారి నడిచేవి ఆదివారం 6:47కి, నెలకోసారి నడిచేవి ఒకటో తేదీ 6:52కి మొదలయ్యేలా డిఫాల్ట్‌గా అమర్చి ఉంటాయి. అంకెలు వంకరగా కనిపించినా, అందరూ తొక్కే బాటలో నడవకపోవడమే వాటి సుగుణం. ప్రోగ్రామ్‌ల కోడ్‌ను దాచే వేదిక గిట్‌హబ్, పనులను వాటంతటవే నడిపించే తన యాక్షన్స్ సేవ గురించిన సూచనల్లో, ప్రతి గంట ఆరంభంలో రద్దీ ఎక్కువ కాబట్టి షెడ్యూల్ చేసిన పనులు ఆలస్యం కావచ్చని, వేరే నిమిషాన్ని ఎంచుకోవడం మంచిదని నేరుగానే చెబుతుంది.

ఇంతవరకు మాట్లాడింది మొదలయ్యే వేళల గురించే. అసలు విషయం మొదలవడంలో లేదు, నడుస్తూ ఉండటంలో ఉంది. ఈ తేడా ఎంత దూరం పోతుందో తెలియాలంటే ఒక ఊహాజనితమైన రాత్రిని దగ్గరగా చూడాలి. ఒక సర్వర్ మీద అర్ధరాత్రి పన్నెండుకు పూర్తి బ్యాకప్ మొదలై 3:40 వరకు నడుస్తుందనుకుందాం. అదే క్షణానికి, ఒక్కొక్కటి 40 సెకన్లలో ముగిసిపోయే చిన్న జాబ్‌లు మరో పన్నెండు మొదలవుతాయి. ఒంటి గంటకు, డేటాబేస్‌లో వెతుకులాటను వేగం చేసే ఇండెక్స్‌లను సరిచేసే జాబ్ మొదలై 3:10కి ముగుస్తుంది. ఒకటిన్నరకు రిపోర్టుల కోసం డేటా లోడ్ మొదలై 2:50 వరకు సాగుతుంది. 2:15కి డేటాబేస్ సమగ్రతను పరీక్షించే జాబ్ మొదలై 2:55కి అయిపోతుంది. మూడింటికి రెండేసి నిమిషాల చిన్న జాబ్‌లు మూడు ఉంటాయి.

ఈ రాత్రిని మొదలైన జాబ్‌ల లెక్కన గీస్తే, పన్నెండు గంటల గడిలో 13, ఒంటి గంట గడిలో 2, రెండు గంటల గడిలో 1, మూడు గంటల గడిలో 3 అని వస్తాయి. ఆ బొమ్మ చూసిన ఎవరికైనా పన్నెండు మహా రద్దీగానూ, రెండు గంటలు అన్నిటికంటే తీరికగానూ కనిపిస్తాయి. ఇప్పుడు అదే రాత్రిని ఆక్రమించిన నిమిషాల లెక్కన, అంటే ఆ గంటలో ఒక్కో జాబ్ నడిచిన నిమిషాలన్నీ కూడి, గీద్దాం. పన్నెండు గంటల గడిలో బ్యాకప్‌కు 60, చిన్న జాబ్‌లు పన్నెండింటికీ కలిపి 8, మొత్తం 68 జాబ్-నిమిషాలు. ఒంటి గంట గడిలో బ్యాకప్ 60, ఇండెక్స్ పని 60, డేటా లోడ్ 30, మొత్తం 150. రెండు గంటల గడిలో 60, 60, 50, 40 కలిపి 210. మూడు గంటల గడిలో 40, 10, 6 కలిపి 56. అంటే రెండు, మూడు గంటల మధ్య సగటున మూడున్నర జాబ్‌లు ఏకకాలంలో నడుస్తున్నాయి, పన్నెండు, ఒంటి గంటల మధ్య ఒకటికి కాస్త ఎక్కువ మాత్రమే. మొదటి బొమ్మ తీరిక అని చూపిన గంటే రెండో బొమ్మలో అన్నిటికంటే కిక్కిరిసిన గంట అయింది.

అలాగని మొదటి బొమ్మ పూర్తిగా అబద్ధమని కొట్టిపారేయలేం. పన్నెండు గంటలకు మొదటి 40 సెకన్లలో ఏకకాలంలో పదమూడు జాబ్‌లు నడిచాయన్నది నిజం. డేటాబేస్‌కు ఒకేసారి తెరవగల కనెక్షన్ల మీద పరిమితి ఉంటే, లేదా షెడ్యూలర్‌కు ఒకేసారి నడపగల జాబ్‌ల సంఖ్య మీద హద్దు ఉంటే, దెబ్బ తగిలేది ఆ 40 సెకన్లలోనే. గంట సగటు దాన్ని కనిపించనివ్వదు. కాబట్టి మొదలైన సంఖ్య, ఆక్రమించిన నిమిషాలు, ఏకకాలపు గరిష్ఠం అనే మూడు కొలతలు మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. కొత్త జాబ్‌కు చోటు వెతికేటప్పుడు పనికొచ్చేది రెండోది. అయినా చేతిలో ఉన్న లాగ్ (షెడ్యూలర్ రాసి పెట్టిన చరిత్ర) నుంచి ఒకే ఒక్క క్వెరీతో తేలిగ్గా వచ్చేది మొదటిది కాబట్టి ఎక్కువ డాష్‌బోర్డుల్లో కనిపించేది అదే.

ఆక్రమణను లెక్కగట్టడానికి పెద్ద గణితం అక్కర్లేదు. ప్రతి జాబ్ మొదలైన క్షణం దగ్గర ఒకటి కలపాలి, ముగిసిన క్షణం దగ్గర ఒకటి తీసేయాలి. అన్ని క్షణాలనూ కాలక్రమంలో పేర్చి ఆ కూడికలు తీసివేతలు వరుసగా చేసుకుంటూ పోతే, ఏ క్షణానికి ఎన్ని జాబ్‌లు నడుస్తున్నాయో తెలిసిపోతుంది. ఒక జాబ్ ముగిసిన క్షణంలోనే మరొకటి మొదలైతే ముందు తీసివేతే చేయాలి, లేకపోతే లేని రద్దీ ఒకటి లెక్కలోకి వస్తుంది. ఫలితం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం బాగా పనికొస్తుంది: ఏకకాలంలో నడిచే పనుల దీర్ఘకాలపు సగటు, అవి వచ్చే వేగాన్ని ఒక్కొక్కటి ఉండే సగటు కాలంతో గుణిస్తే వచ్చే అంకెకు సమానం. గంటకు 30 జాబ్‌లు మొదలై ఒక్కొక్కటి సగటున 4 నిమిషాలు నడిస్తే సగటు ఏకకాలం 2 రావాలి. బొమ్మ 5 అని చూపిస్తుంటే తప్పు యంత్రంలో కాదు, లెక్కలో ఉంది.

ఆ తప్పు ఎక్కువసార్లు దొర్లేది వ్యవధిని చదవడంలో. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లోని షెడ్యూలర్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్, దీనికి చక్కని ఉదాహరణ. ఎమ్‌ఎస్‌డీబీ డేటాబేస్‌లో జాబ్ చరిత్రను దాచే పట్టికలో తేదీ, వేళ, వ్యవధి మూడూ సాదా పూర్ణాంకాలుగానే ఉంటాయి. రాత్రి రెండు గంటల ఐదు నిమిషాల తొమ్మిది సెకన్లను అది 20509 అని రాస్తుంది. అర్ధరాత్రి దాటిన 45వ సెకనును ఉత్త 45 అని రాస్తుంది. వ్యవధి కాలమ్‌లోనూ ఇదే పద్ధతి: ఒక గంట ఐదు నిమిషాల ముప్ఫై సెకన్లు నడిచిన జాబ్‌కు 10530 అని ఉంటుంది. దాన్ని సెకన్లు అనుకుని భాగిస్తే రెండు గంటల 55 నిమిషాల 30 సెకన్లు అవుతుంది. తొంభై సెకన్ల పనికి 130 అని ఉంటుంది. నిమిషం లోపు ముగిసే జాబ్‌లకు మాత్రం రెండు లెక్కలూ ఒకే జవాబు ఇస్తాయి కాబట్టి, చిన్న జాబ్‌లతో పరీక్షించి చూసినవారికి తప్పు దొరకదు. పెద్ద జాబ్‌లు మాత్రమే ఉబ్బి కనిపిస్తాయి. పెద్ద జాబ్‌లు పెద్దగా కనిపించడంలో ఎవరికీ అనుమానం రాదు.

అదే పట్టికలో ప్రతి జాబ్‌కూ దాని ఒక్కొక్క స్టెప్‌కు ఒక వరుస, మొత్తం జాబ్ ఫలితానికి సున్నా స్టెప్ పేరుతో మరో వరుస ఉంటాయి. అన్నిటినీ కలిపి గీస్తే ఒకే పనిని రెండుసార్లు లెక్కించినట్టు అవుతుంది. సున్నా స్టెప్ వరుసలను మాత్రమే తీసుకోవాలి. పైగా ఆ వరుస పడేది జాబ్ ముగిశాకే. అంటే నిన్న రాత్రి మొదలై ఇప్పటికీ నడుస్తూ ఉన్న, లేదా ఎక్కడో చిక్కుకుపోయి ఉన్న జాబ్ ఈ చరిత్రలో కనిపించదు. యంత్రాన్ని అన్నిటికంటే ఎక్కువగా పట్టి ఉంచిన జాబే బొమ్మలో లేకుండా పోవడం వింతగా ఉన్నా జరిగేది అదే. ప్రస్తుతం నడుస్తున్నవాటిని చూపే పట్టిక నుంచి దాన్ని విడిగా తెచ్చుకోవాలి. ఒరాకిల్ డేటాబేస్‌లోని షెడ్యూలర్ ఈ విషయంలో కాస్త దయగలది. జాబ్ మొదలవ్వాల్సిన వేళనూ నిజంగా మొదలైన వేళనూ వేర్వేరు కాలమ్‌లలో ఇస్తుంది, వ్యవధిని కాలవ్యవధి రూపంలోనే ఇస్తుంది. ఆ రెండు వేళల మధ్య తేడా కూడా గీయదగిన సంగతే. జాబ్‌లు వరుసలో నిలబడి ఎదురుచూసిన గంటలేవో అది చూపిస్తుంది. అలాంటి గంట, జాబ్‌ల సంఖ్య ఎంత ఉన్నా, రద్దీ గంటే.

ఇక బొమ్మల సంగతి. ఒకే రాత్రిలో ఏం జరిగిందో అర్థం కావాలంటే గాంట్ చార్టును మించినది లేదు. హెన్రీ గాంట్ పేరు మీద 1910ల నుంచి ప్రచారంలోకి వచ్చిన ఈ చార్టుకు దగ్గరి రూపాన్ని పోలండ్‌కు చెందిన కరోల్ అదామియెట్‌స్కీ 1896లోనే తయారుచేశాడు. అడ్డంగా కాలం, ఒక్కో జాబ్‌కు ఒక్కో వరుస, నడిచినంత మేరా ఒక పట్టీ. పట్టీలను మొదలైన వేళ ప్రకారం పేర్చితే ఏది దేని మీద పడుతోందో కన్ను వెంటనే పట్టేస్తుంది; జాబ్‌ల పేర్ల అక్షరక్రమంలో పేర్చితే, చాలా పరికరాలు మొదట చూపేది అదే, ఏమీ పట్టలేదు. ఈ చార్టు బలం ఒక రాత్రికి, యాభై అరవై జాబ్‌లకు పరిమితం. మూడు నెలల చరిత్రను దీని మీద వేస్తే సన్నని గీతల పొద తప్ప మరేమీ మిగలదు.

ఆ మూడు నెలలను చూడటానికి పనికొచ్చేది హీట్‌మ్యాప్. వారంలో ఏడు రోజులు ఒకవైపు, రోజులో ఇరవై నాలుగు గంటలు మరోవైపు పెడితే 168 గడులు వస్తాయి. ప్రతి గడికీ ఆ గంటలో ఆక్రమించిన జాబ్-నిమిషాల మేరకు రంగు ముదురుతుంది. వారపు లయ మొత్తం ఒక్క చూపులో తెలిసిపోతుంది. పనిదినాల రాత్రులు ముదురు చారలుగా, ఆదివారం తెల్లవారుజామున పెద్ద బ్యాకప్ ఒక మచ్చగా కనిపిస్తాయి. రంగులు ఎంచుకునేటప్పుడు ఇంద్రధనుస్సు వరుసను వాడకపోవడం మంచిది. అంకెల్లో పెద్ద తేడా లేని చోట కూడా పసుపు నుంచి ఎరుపుకు మారే దగ్గర కంటికి గట్టు ఉన్నట్టు అనిపిస్తుంది, నిజంగా తేడా ఉన్న ఆకుపచ్చ మధ్యలో ఏమీ లేనట్టు అనిపిస్తుంది. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో వచ్చిన 2.0 వెర్షన్‌తో తన డిఫాల్ట్ వరుసను ఇంద్రధనుస్సు తరహా నుంచి, వెలుగు క్రమంగా పెరిగే విరిడిస్‌కు మార్చుకుంది. ఎరుపు అంటే ప్రమాదం, ఆకుపచ్చ అంటే క్షేమం అనే జంట రంగులు ఆ రెండింటినీ వేరుచేసి చూడలేనివారికి ఒకే మసక రంగులా కనిపిస్తాయి కాబట్టి అవీ తగవు.

గడి వెడల్పు ఒక గంటే ఉండాలన్న నియమం ఏమీ లేదు. గంట గడి, సున్నా నిమిషం దగ్గరి తొక్కిసలాటను పక్కనే ఉన్న 55 ఖాళీ నిమిషాలతో కలిపి చదును చేసేస్తుంది. అందుకే పెద్ద బొమ్మ పక్కన ఒక చిన్న బొమ్మ అవసరం: ఏ గంట అన్నది పక్కనపెట్టి, గంటలోని 60 నిమిషాలలో ఏ నిమిషానికి ఎన్ని జాబ్‌లు మొదలయ్యాయో చూపే 60 కమ్మీల చార్టు. మొదలైన సంఖ్య నిజంగా పనికొచ్చే చోటు ఇది. దాదాపు ఎక్కడ గీసినా సున్నా దగ్గర ఒక గోపురం, 30 దగ్గర దానికంటే చిన్నది, 15, 45 దగ్గర ఇంకా చిన్నవి లేచి, మధ్యలో అంతా బీడుగా ఉంటుంది. రద్దీని గంటల మధ్య కాకుండా గంటలోపలే సర్దవచ్చని, అందుకు ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదని ఈ చార్టు చెబుతుంది.

హీట్‌మ్యాప్ గడిలో ఏ అంకె వేయాలన్నది రంగుల కంటే పెద్ద ప్రశ్న. పన్నెండు వారాల చరిత్ర ఉంటే, మంగళవారం రాత్రి మూడు గంటల గడికి పన్నెండు అంకెలు ఉంటాయి. వాటి సగటు వేయడం ఆనవాయితీ. కానీ నెలాఖరు లెక్కల జాబ్ ఆ పన్నెండు మంగళవారాల్లో ఒకే ఒక్కసారి వచ్చి, గంట మొత్తం నాలుగు సమాంతర ప్రాసెస్‌లతో యంత్రాన్ని పట్టేసి ఉంటే, 240 జాబ్-నిమిషాలు సగటులో 20కి కరిగిపోతాయి. గడి లేత రంగులోనే ఉంటుంది, తీరిక వేళ అని నమ్మించి కొత్త జాబ్‌ను అక్కడికి పిలుస్తుంది. ఆ కొత్త జాబ్ రెండు నెలలు బాగా నడిచి మూడో నెలాఖరున కూలబడుతుంది. కాబట్టి తీరిక వేళ కోసం వెతికేటప్పుడు గడిలో వేయాల్సింది ఆ పన్నెండింటిలో గరిష్ఠం. రద్దీ ఎక్కడుందో చూడటానికి సగటు చాలు. ఖాళీ ఉందని నమ్మడానికి మాత్రం అత్యంత చెడ్డ రోజున కూడా ఖాళీగా ఉండి తీరాలి. దీనికి తోడు, వారం ప్రకారం మడిచిన బొమ్మలో నెల ప్రకారం వచ్చే పని ఎప్పుడూ చెదిరిపోతుంది. నెలలోని 31 తేదీలను ఒకవైపు, 24 గంటలను మరోవైపు పెట్టి ఇంకో బొమ్మ గీసుకుంటే ఒకటో తేదీ, నెలాఖరు చారలు స్పష్టంగా బయటపడతాయి.

క్రాన్ రాసే తీరులోని ఒక మెలిక కూడా ఈ రెండో బొమ్మలో పట్టుబడుతుంది. తేదీ గడిలో 1, వారం గడిలో సోమవారం అని రాస్తే, ఒకటో తేదీ సోమవారం అయితేనే జాబ్ నడుస్తుందని రాసినవారు అనుకుంటారు. మామూలు క్రాన్ నియమం ప్రకారం రెండు గడులూ నింపి ఉంటే రెండిటిలో ఏది సరిపోయినా జాబ్ నడుస్తుంది, అంటే ప్రతి ఒకటో తేదీ, ప్రతి సోమవారం కూడా. ఏడాదికి ఒకటి రెండుసార్లు నడవాల్సింది అరవై సార్లకు పైగా నడుస్తుంది. ఇలాగే నిమిషం గడిలో ఏడేసి నిమిషాలకు ఒకసారి అని రాస్తే, 56వ నిమిషం తర్వాత నాలుగు నిమిషాలకే మళ్లీ సున్నా వచ్చేస్తుంది. అదేమంత ప్రమాదం కాదు గానీ, 60 కమ్మీల చార్టులో అలాంటి దువ్వెన పళ్లు కనిపించినప్పుడు కంగారు పడనక్కర్లేదని తెలిసి ఉండాలి.

ఖాళీ గడి కనిపించగానే సంతోషించకూడదు. అది ఎందుకు ఖాళీగా ఉందో తెలిసేదాకా ఆగాలి. మొదటి అనుమానం చరిత్ర మీదే పడాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్ డిఫాల్ట్‌గా మొత్తం 1000 వరుసలు, ఒక్కో జాబ్‌కు 100 వరుసలు మాత్రమే దాస్తుంది. నిమిషానికోసారి నడిచే ఒకే స్టెప్ జాబ్ ప్రతిసారీ రెండు వరుసలు రాస్తుంది కాబట్టి, దాని 100 వరుసలు యాభై నిమిషాల్లో నిండిపోయి పాతవి చెరిగిపోతాయి. అలాంటి సర్వర్ మీద ఉదయం పదకొండుకు క్వెరీ నడిపి బొమ్మ గీస్తే, రోజులో అన్నిటికంటే రద్దీ గంట పది నుంచి పదకొండు అని వస్తుంది. సాయంత్రం నాలుగుకు గీస్తే మూడు నుంచి నాలుగు అని వస్తుంది. బొమ్మ కొలుస్తున్నది యంత్రపు రద్దీని కాదు, బొమ్మ గీసిన వేళను! చరిత్ర పరిమితిని పెంచడమో, వరుసలను రోజూ వేరే పట్టికలోకి తరలించి దాచుకోవడమో చేసి, కొన్ని వారాలు ఆగాకే ఈ పని మొదలుపెట్టాలి. ఒరాకిల్ డిఫాల్ట్‌గా 30 రోజులు దాస్తుంది. నెలాఖరును ఒక్కసారి చూపడానికే అది సరిపోతుంది.

రెండో అనుమానం విఫలమైన జాబ్‌ల మీద. గంటన్నర నడవాల్సిన జాబ్ పాస్‌వర్డు మారిన కారణంగా మొదటి రెండు సెకన్లలోనే ఆగిపోతుంటే, ఆ గంటన్నర మేరా బొమ్మలో తీరిక కనిపిస్తుంది. ఎవరో ఆ పాస్‌వర్డును సరిచేసిన రోజున ఆ తీరిక మాయమవుతుంది. విఫలమైనవాటిని విడి రంగుతో చూపడం ఇందుకే. మూడో అనుమానం షెడ్యూలర్‌కు తెలియని పనుల మీద: వర్చువల్ యంత్రాల స్నాప్‌షాట్లు, స్టోరేజీ వైపు నడిచే ప్రతులు, వైరస్ స్కాన్, వేరే దేశంలో పగలు కాబట్టి ఇక్కడి రాత్రిపూట లాగిన్ అయ్యే వాడకందారులు. వీటిలో ఏదీ జాబ్ చరిత్రలో ఉండదు.

వేళలను ఏ కాలమానంలో రాశారన్నది చిన్న సంగతిలా కనిపించి పెద్ద తికమక తెస్తుంది. ఒక సర్వర్ లాగ్ విశ్వ సమన్వయ కాలంలో (యూటీసీ), మరొకటి స్థానిక కాలంలో ఉంటే రెండింటినీ ఒకే బొమ్మలో కలిపే ముందు మార్చుకోవాలి. గంటల గడులుగా విడగొట్టాక మారిస్తే, అరగంట తేడాతో ఉండే కాలమానాల్లో ప్రతి జాబూ తప్పు గడిలో పడవచ్చు. మార్పు ముందు జరగాలి, విడగొట్టడం తర్వాత. వేసవిలో గడియారాన్ని ముందుకు జరిపే దేశాల్లో ఏటా ఒక రాత్రి ఒక గంట ఉండనే ఉండదు, మరో రాత్రి ఒక గంట రెండుసార్లు వస్తుంది. తెల్లవారుజామున జాబ్‌లు పెట్టుకునే అలవాటు ఉన్నచోట సరిగ్గా ఆ గంటే దెబ్బతింటుంది. ప్రతి రన్‌కూ అది ఏ కాలపు డేటాను తీసుకుంటుందో ఆ కాలం పేరే పెట్టే పద్ధతిలో నడిచే ఎయిర్‌ఫ్లో లాంటి షెడ్యూలింగ్ పరికరాల్లో ఇంకో తమాషా ఉంది: ఒకటో తేదీ పేరుతో ఉన్న రోజువారీ రన్ నిజంగా మొదలయ్యేది ఒకటో తేదీ ముగిశాక, అంటే రెండో తేదీన. పేరులోని తేదీని పట్టుకుని గీస్తే బొమ్మ మొత్తం ఒక రోజు వెనక్కి జరిగి, ఆదివారం రద్దీ శనివారం ఖాతాలో పడుతుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, అన్ని జాబ్‌లనూ సమానంగా లెక్కించడం అనే లోపం మిగిలే ఉంటుంది. వేరే సర్వర్ నుంచి ఫైలు వస్తుందేమోనని రెండు గంటలు ఎదురుచూసే జాబ్ యంత్రానికి ఏ భారమూ కాదు. పది నిమిషాల్లో డిస్కు మొత్తాన్ని చదివే జాబ్ ఆ పది నిమిషాలూ ఇంకెవరినీ కదలనివ్వదు. సీపీయూ, డిస్కు, మెమరీ కొలతలు దొరికిన చోట వాటిని అదే కాలపు అక్షం మీద, జాబ్‌ల చార్టు కిందనే మరో వరుసగా గీయడం అన్నిటికంటే నిజాయితీగా ఉంటుంది. ఒక జాబ్ సొంతంగా ఎంత వాడిందో విడదీసి చెప్పడం ఎక్కువ చోట్ల కష్టం. పైన పట్టీలు దట్టంగా ఉండి కింద గీత చదునుగా ఉంటే అది పేరుకే రద్దీ. పైన ఏమీ లేకుండా కింద గీత శిఖరంలా లేస్తే షెడ్యూలర్‌కు తెలియని పని ఒకటి అక్కడ ఉన్నట్టు.

తీరిక గంట దొరికాక జాబ్‌ను అక్కడికి జరపడం ఐదు నిమిషాల పని, జరపవచ్చో లేదో తెలుసుకోవడం అంతకంటే చాలా ఎక్కువ పని. రిపోర్టుల డేటా లోడ్ ఉదయం ఆరింటికల్లా అయిపోవాలి. ఇండెక్స్ పని లోడ్ తర్వాత జరగాలా ముందా అన్నది రాసినవారికే తెలియాలి. రెండు జాబ్‌ల మధ్య ఉన్న ఆధారపడటాన్ని ఎక్కడా రాయకుండా, మొదటిది ఎప్పుడూ రెండింటికల్లా అయిపోతుంది కాబట్టి రెండోదాన్ని రెండున్నరకు పెట్టిన సందర్భాలు కోకొల్లలు. ఆ అరగంట అంతరం బొమ్మలో ఖాళీగా కనిపిస్తుంది, కానీ అది ఖాళీ కాదు, భద్రత కోసం వదిలిన జాగా. అలాంటి చిక్కు లేని చిన్న జాబ్‌లను మాత్రం నిస్సంకోచంగా చెదరగొట్టవచ్చు. లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డి టైమర్లలో యాదృచ్ఛిక ఆలస్యాన్ని చేర్చే సెట్టింగ్ ఉంది. సాఫ్ట్‌వేర్ పనులను వాటంతటవే నడిపించే జెన్‌కిన్స్‌లో నిమిషం గడిలో సున్నాకు బదులు ‘హెచ్’ అని రాస్తే, జాబ్ పేరు నుంచి లెక్కగట్టిన ఒక నిమిషాన్ని అదే ఎంచుకుని, ప్రతిసారీ దానికే కట్టుబడి ఉంటుంది. చరిత్రను బొమ్మగా గీసేవారికి రెండోదే నచ్చుతుంది, ఎందుకంటే రోజుకో నిమిషానికి మారే జాబ్‌ను ఒక రాత్రికీ మరో రాత్రికీ మధ్య పోల్చి చూడటం కష్టం.

పైన చూసిన రాత్రికి తిరిగి వస్తే, దేని మీదా ఆధారపడనిది సమగ్రత పరీక్ష ఒక్కటే అనుకుందాం. దాన్ని 2:15 నుంచి 3:45కి జరిపితే రెండు గంటల గడి 210 నుంచి 170కి దిగుతుంది, మూడు గంటల గడి 56 నుంచి 71కి పెరుగుతుంది, మిగిలిన 25 నిమిషాలు నాలుగు గంటల గడిలో పడతాయి. కాగితం మీద లెక్క ఇంతే. కానీ సమగ్రత పరీక్ష, బ్యాకప్, ఇండెక్స్ పని ఒకే డిస్కు కోసం పోటీపడుతూ వచ్చాయి. ఒకటి పక్కకు తప్పుకున్నాక మిగతా రెండూ మునుపటికంటే త్వరగా ముగిసే అవకాశం ఉంది, బ్యాకప్ 3:40 దాకా సాగకపోవచ్చు. తనకు పోటీ లేని వేళలో సమగ్రత పరీక్షకు కూడా 40 నిమిషాలు పట్టకపోవచ్చు. అంటే జరిపిన మరునాటి నుంచే పాత వ్యవధులు చెల్లవు. మార్చిన తేదీ దగ్గర బొమ్మలో ఒక నిలువు గీత గీసి, దానికి ముందరి వారాలనూ తర్వాతి వారాలనూ వేర్వేరు హీట్‌మ్యాప్‌లుగా పక్కపక్కన పెట్టి, కనీసం ఒక నెలాఖరు దాటేదాకా ఆ గడులు ఎలా మారుతున్నాయో చూస్తూ ఉండాలి.